రోటరీ కారు మైలేజీ: డిపో రిజిస్టరు పద్ధతిలో

మహబూబ్‌నగర్ డిపోలో నా ఉద్యోగమంతా లెక్క రాయడమే. ఏ బస్సు ఎంత డీజిల్ పోయించుకుంది, ఎన్ని కిలోమీటర్లు నడిచింది, కేఎంపీఎల్, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చింది. అది తగ్గితే డ్రైవరు బండిని తిట్టేవాడు, మెకానిక్ డ్రైవరును తిట్టేవాడు, చివరికి ఇద్దరూ కలిసి నా రిజిస్టరును తిట్టేవారు. రిటైరయ్యాక ఈ గొడవ తప్పిందనుకుంటే, డాలస్‌లో ఉంటున్న మా మేనల్లుడు ఒక పాత మాజ్దా ఆర్ఎక్స్-8 కొన్నాడు. "మామా, ఇంజను చూస్తే 1.3 లీటర్లే. తాగుడు చూస్తే లారీలా ఉంది. అమ్మినవాడు నన్ను ముంచాడంటావా?" అని ఫోను. వాడికి చెప్పిందే, అలాంటి బండి కొన్నవాళ్లకూ కొనబోయేవాళ్లకూ పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ 1.3 అన్న అంకెను పక్కన పెట్టండి. ఆర్ఎక్స్-8ది రోటరీ ఇంజను. పిస్టన్లకు బదులు లోపల మూడు కొనలతో గిర్రున తిరిగే రోటర్లు రెండు ఉంటాయి. ఒక్కోదాని గది 654 సీసీ, రెండూ కలిపి 1308. మామూలు ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ఒక సిలిండరులో పెట్రోలు మండాలంటే షాఫ్టు రెండు చుట్లు తిరగాలి. రోటరీలో షాఫ్టు తిరిగిన ప్రతి చుట్టుకూ ప్రతి రోటరులోనూ ఒకసారి మండుతుంది. అంటే రెండు చుట్లలో ఇది పీల్చుకునే గాలి 2.6 లీటర్ల ఇంజను పీల్చుకునేంత. కాబట్టి దీన్ని మారుతి స్విఫ్టు పక్కన నిలబెట్టి చూడటం అన్యాయం. రెండున్నర లీటర్ల పెద్ద కారుతోనే పోల్చాలి.

అలా పోల్చినా ఇది కొంత ఎక్కువే తాగుతుంది. అందుకు కారణం గది ఆకారం. పిస్టను ఇంజనులో మంట గుండ్రని చిన్న చోట పుడుతుంది. రోటరీలో ఆ చోటు పొడవుగా, పలచగా ఉండి రోటరుతో పాటు జరుగుతూ ఉంటుంది. గోడల వైశాల్యం ఎక్కువ కావడంతో వేడిలో మంచి భాగం వాటిలోకే పోతుంది. మంట మూలల దాకా సరిగా చేరదు. రోటరు మూడు కొనల దగ్గరున్న సీళ్ల పక్క నుంచి కాస్త ఒత్తిడి కూడా జారిపోతుంది. ఇవన్నీ పుట్టుకతో వచ్చిన గుణాలు, ఏ మెకానిక్కూ బాగుచేసేవి కావు. మాజ్దా 1967లో కాస్మో స్పోర్ట్‌తో రోటరీ కార్లు మొదలుపెట్టింది. 1973లో చమురు సంక్షోభం వచ్చేసరికి అమెరికాలో వీటిని కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. ఆర్ఎక్స్-8కి పెట్టిన రెనెసిస్ ఇంజనులో పొగ బయటికి వెళ్లే దారిని పక్క గోడల్లోకి మార్చి కొంత నయం చేశారు. దాహం మాత్రం తీరలేదు. 2012లో ఆ కారు తయారీయే ఆగిపోయింది.

ఇప్పుడు అంకెలు. మాన్యువల్ గేరు ఆర్ఎక్స్-8కి అమెరికా ప్రభుత్వం చెప్పే లెక్క గ్యాలనుకు ఊళ్లో 16 మైళ్లు, హైవే మీద 22, రెండూ కలిపి 18. 2008 మోడళ్ల నుంచి అక్కడ కొలిచే పద్ధతి మారింది. అంతకు ముందటి ప్రకటనల్లో ఇంతకంటే ఎక్కువ కనబడితే నమ్మకండి. మన కొలతలోకి మార్చాలంటే 0.425తో గుణించండి: ఊళ్లో లీటరుకు 6.8 కిలోమీటర్లు, హైవే మీద సుమారు 9.4, కలిపి 7.7. లండన్‌లో ఉన్న స్నేహితుడు 22 మైళ్లు వస్తోందంటే తొందరపడి ఈర్ష్యపడకండి. ఆయన గ్యాలన్ 4.546 లీటర్లు, అమెరికా గ్యాలన్ 3.785. ఆయన 22 అంటే లీటరుకు 7.8 కిలోమీటర్లే.

నా అంచనా ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న బండి ఊళ్లో చిన్న చిన్న దూరాలకు ఆరు కిలోమీటర్లు, నిలకడగా నడిపిన హైవేలో తొమ్మిది ఇస్తే సంతోషించాలి. కాలు కిందకి నొక్కి నడిపేవాడికి ఐదు వచ్చినా ఆశ్చర్యం లేదు. మా డిపోలో యాభై మందిని ఎక్కించుకున్న బస్సు ఐదు పైచిలుకు ఇచ్చేదని చెబితే మేనల్లుడు నొచ్చుకున్నాడు. లెక్క లెక్కే.

హైవే మీద కూడా పది దాటడం ఎందుకు కష్టమంటే, ఆరో గేరులో గంటకు 100 కిలోమీటర్ల వేగానికే ఈ ఇంజను నిమిషానికి దాదాపు 3,000 చుట్లు తిరుగుతుంది. టెక్సస్ రోడ్ల మీద అందరూ పోయే వేగానికి ఇంకా ఎక్కువ. జడ్చర్ల నుంచి అలంపూర్ చౌరస్తా వైపు 44వ నంబరు రహదారి మీద ఎనభై, తొంభైలో నడిపితే వచ్చే లెక్క వేరు, నూటఇరవైలో వచ్చేది వేరు. సంక్రాంతి ముందు రోజు పంతంగి టోల్‌గేటు దగ్గర ఇరుక్కుంటే వచ్చేది లెక్కే కాదు. నిలబడి ఉన్న రోటరీ ఇంజను ఊరికే ఉండదు, తాగుతూనే ఉంటుంది.

కొలవడంలోనే చాలామంది తప్పటడుగు వేస్తారు. ముల్లు సగానికి వచ్చింది, ఇన్ని మైళ్లు నడిచింది అని లెక్క కట్టకూడదు. ట్యాంకు నిండా పోయించండి, నాజిల్ దానంతట అది టక్కున ఆగిన చోట ఆపేయండి, ఇంకో నాలుగు చుక్కలు కూరవద్దు. ట్రిప్ మీటరు సున్నా చేయండి. మళ్లీ పోయించేటప్పుడు వీలైతే అదే బంకు, అదే పంపు. అప్పుడు పట్టిన పెట్రోలుతో నడిచిన దూరాన్ని భాగించండి. ఉదాహరణకు 212 మైళ్లు నడిచాక 12.4 గ్యాలన్లు పట్టిందనుకోండి. 17.1 మైళ్లు వచ్చినట్టు, అంటే లీటరుకు 7.27 కిలోమీటర్లు. చక్రాలు పెద్దవి వేయించి ఉంటే మీటరు చూపే దూరమే తప్పు. ముందు రోడ్డు పక్కన మైలురాళ్లతో సరిచూసుకోండి.

ఒక్క ట్యాంకు లెక్కతో ఏ నిర్ణయానికీ రావద్దు. పుస్తకంలో తేదీ, మీటరు అంకె, పెట్రోలు, వాటితో పాటు రూటు గడి తప్పకుండా ఉండాలి. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కిన బస్సునూ, హైదరాబాద్ రోడ్డు మీద సాఫీగా పోయిన బస్సునూ ఒకే గాట కడితే ఏ డ్రైవరూ ఊరుకునేవాడు కాదు. అలాగే ఆఫీసు దారి ట్యాంకును ఆఫీసు దారి ట్యాంకుతోనే పోల్చండి. ఏసీ వాడారా, చలి ఎంత ఉంది అన్నది కూడా రాయండి. నాలుగైదు ట్యాంకులు రాస్తే మీ బండి అసలు అంకె తేలుతుంది. అది ఏడు కావచ్చు, ఎనిమిది కావచ్చు. ఆ అంకె చిన్నదని దిగులు వద్దు. అదే దారిలో, అదే కాలంలో అది పదో వంతు పడిపోతే మాత్రం పట్టించుకోవాలి.

పడిపోతే ముందు చూడాల్సినవి ప్లగ్గులకు కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిళ్లు. ఈ కారులో ఇవి బలహీనం, నాలుగు ఉంటాయి, నాలుగూ ఒకేసారి మార్చడం మేలు. వాటితో పాటు నాలుగు ప్లగ్గులు. ముందు ప్లగ్గులు, వెనక ప్లగ్గులు వేరువేరు రకాలు, తారుమారు చేయకూడదు. కాయిల్ సరిగా మండించకపోతే మిగిలిన పెట్రోలు వెళ్లి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరులో మండుతుంది, అది కరిగి మూసుకుపోతుంది, ఆ వేడి తిరిగి ఇంజను మీదే పడుతుంది. కాయిల్ ఖర్చుకు వెనుకాడితే ఇంజను ఖర్చు ఎదురొస్తుంది. తర్వాత ఎయిర్ ఫిల్టరు, టైర్లలో గాలి. ఇవన్నీ బాగుండి కూడా వేడెక్కిన ఇంజను మళ్లీ స్టార్టు కావడానికి సతాయిస్తుంటే కంప్రెషన్, అంటే గదుల్లో నిలిచే ఒత్తిడి, కొలిపించండి. మామూలు గేజి పనికిరాదు. రోటరుకు మూడు ముఖాలుంటాయి, ఆ గేజి ఒత్తిడి ఎక్కువ ఉన్న ఒక్కదాన్నే చూపిస్తుంది. మూడింటినీ విడివిడిగా చూపే రోటరీ టెస్టరు ఉన్న చోటికే వెళ్లండి. కొనేముందు అమ్మేవాడిని మొదట అడగాల్సింది కూడా ఆ పరీక్ష కాగితమే.

ఆదా చేద్దామని చేసే పనుల్లో కొన్ని ఈ బండికి చేటు. చల్లగా ఉన్న ఇంజనును స్టార్టు చేసి, షెడ్డులోంచి వాకిట్లోకి జరిపి, వెంటనే ఆపేయకండి. గదుల్లో పెట్రోలు నిలిచి మళ్లీ స్టార్టు కాదు. ఒకసారి స్టార్టు చేశారంటే వేడి ముల్లు మధ్యకు వచ్చేదాకా నడపాల్సిందే, ఆ పెట్రోలు ఖర్చు రాసుకోండి. పెద్ద గేరులో తక్కువ చుట్లతో ఈడ్చడం కూడా వద్దు, లోపల మసి పేరుకుంటుంది. ఇంజను బాగా వేడెక్కాక అప్పుడప్పుడూ పై చుట్ల దాకా లాగాలి. మాన్యువల్ బండికి ఆ హద్దు 9,000. మేనల్లుడికి ఈ సలహా ఒక్కటే బాగా నచ్చింది.

ఇంజన్ ఆయిల్ తగ్గుతుంటే బెంబేలెత్తకండి. సీళ్లు తడిగా ఉండటానికి కొద్దికొద్దిగా ఆయిలును గదుల్లోకి పంపి మండించేలాగే దీన్ని తయారుచేశారు. యమహా ఆర్ఎక్స్ 100లో పెట్రోలుతో పాటు విడిగా టూటీ ఆయిల్ కూడా పోయించినవాళ్లకు ఇది వింతగా తోచదు. రెండుసార్లు పెట్రోలు పోయిస్తే ఒకసారి డిప్‌స్టిక్ చూడండి, తగ్గినంత పోయండి, ఆ డబ్బునూ మైలేజీ ఖాతాలోనే రాయండి. పెట్రోలు ప్రీమియమే పోయించండి, కంపెనీ అడిగేది అదే. అమెరికా బంకుల్లో మామూలుగా పదో వంతు ఇథనాల్ కలుపుతారు. దానివల్ల లీటరుకు వచ్చే శక్తి మూడు శాతం దాకా తగ్గుతుంది, అది బండి తప్పు కాదు.

ఇక డబ్బు. మేనల్లుడి భార్య ఇంజను వర్ణన అంతా విని, "నెలకు ఎంత ఎక్కువవుతుందో అది చెప్పండి చిన్నాన్నా" అంది. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగితే, గ్యాలనుకు 18 మైళ్ల చొప్పున 667 గ్యాలన్లు. 30 ఇచ్చే మామూలు కారుకు 400. తేడా 267. గ్యాలన్ నాలుగు డాలర్లు అనుకుంటే నెలకు 89 డాలర్లు, ఆయిలు, కాయిళ్లు కాక. మన దగ్గర మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ వెళ్లి రావడం 200 కిలోమీటర్లు అనుకోండి. ఏడున్నర చొప్పున దాదాపు 27 లీటర్లు, లీటరు రూ.110 వేసుకుంటే రూ.2,900 పైమాటే. రోజూ అంత దూరం పోయివచ్చేవాళ్లు ఈ కారు కొనకూడదని నా గట్టి అభిప్రాయం. ఆ అమ్మాయి అభిప్రాయం నాకంటే గట్టిది. ఇప్పుడు వాడు ఆఫీసుకు పాత కొరొల్లాలో వెళ్తున్నాడు, ఆర్ఎక్స్-8 శనివారాలు మాత్రమే బయటికి వస్తుంది, దాని లెక్క ఆ అమ్మాయే రాస్తోంది.