అమెరికా పాత బంగారు నాణెం కొంటున్నారా? గీటురాయి పక్కన పెట్టండి

విజయవాడ వన్ టౌన్‌లో మాది కంసాలి దుకాణం. అమెరికాలో ఉన్న పిల్లల చేత అక్కడి పాత బంగారు నాణేలు కొనిపిద్దామనుకునేవాళ్లు నన్ను సలహా అడుగుతుంటారు. నేనూ ఇవే సేకరిస్తాను. ఒకటే చెబుతాను: నగ చూసే కళ్లతో నాణెం చూడొద్దు.

ముందు సంవత్సరం చూడండి. 1834కి ముందుదా, తర్వాతదా? 1792 చట్టం ఒక వంతు బంగారానికి పదిహేను వంతుల వెండి అని లెక్కకట్టింది. యూరప్‌లో పదిహేనున్నర దాకా పలికేది. ఇంకెవరు ఊరుకుంటారు? ఫిలడెల్ఫియా టంకశాలలో కొట్టిన బంగారం ఓడలెక్కి వెళ్లి కరిగిపోయింది. పది డాలర్ల ఈగిల్‌ను 1804లో ఆపేసి, మళ్లీ 1838లో గానీ మొదలుపెట్టలేదు. 1822కి హాఫ్ ఈగిల్స్, అంటే ఐదు డాలర్లవి, 17,796 కొట్టినట్టు లెక్కల్లో ఉంది. ఇప్పుడు తెలిసినవి మూడే. 1834లో చట్టం మార్చి నాణెంలో బంగారం తగ్గించారు. దాంతో పాత ఐదు డాలర్ల నాణెంలో కొత్త లెక్కన సుమారు 5.33 డాలర్ల బంగారం ఉన్నట్టయింది. మిగిలినవాటిలోనూ చాలా మటుకు మూసలోకే పోయాయి.

పాత హాఫ్ ఈగిల్ 8.75 గ్రాములు, మన 916 బంగారమే. కాసు కంటే ముప్పావు గ్రాము ఎక్కువ. 1834 ఆగస్టు నుంచి వచ్చినవి 8.36. 1834 అని రాసి ఉన్నవి రెండు రకాలూ ఉన్నాయి: వెనకవైపు గద్ద పైన లాటిన్ మాటల పట్టీ ఉంటే పాతది, బాగా అరుదు. లేకపోతే క్లాసిక్ హెడ్ అని పిలిచే కొత్త రకం. కొత్తవాళ్లు ఈ క్లాసిక్ హెడ్‌తోనే మొదలుపెట్టండి.

నాణెం మీద సన్నటి గీతలు వరుసగా కనిపిస్తే ఎవరో గీకేశారనుకోవద్దు. బరువు ఎక్కువైన బిళ్లను అచ్చు కొట్టకముందే టంకశాలలో ఆకురాయితో అరగదీసేవారు. కొందరు వాటిని చూసి ధర తగ్గిస్తారు. నాకైతే ఆ గీతలంటేనే ఇష్టం, పనివాడి చెయ్యి కనిపిస్తుంది. బేరానికీ పనికొస్తాయి.

గీటురాయి మీద మాత్రం గీయొద్దు. యాసిడ్, కుంకుడుకాయ, మెరుగు, ఏవీ వద్దు. కడిగిన నాణేనికి ధర పడిపోతుంది. అంచును భూతద్దంతో చూడండి. గొలుసుకు వేసుకోవడానికి పెట్టిన కొక్కెం ఊడదీసి, టాకా (అతుకు) ఆనవాలు అరగదీసి అమ్మేస్తుంటారు. నాణేలు పరీక్షించే సంస్థలు పీసీజీఎస్ లేదా ఎన్‌జీసీ వాళ్లు గ్రేడ్ వేసి సీలు చేసిన డబ్బాలో ఉన్నదే తీసుకోండి. డబ్బాలకూ నకిలీలున్నాయి కాబట్టి సర్టిఫికెట్ నంబరు వాళ్ల సైట్‌లో కొట్టి ఫొటోతో పోల్చుకోండి. ‘డీటెయిల్స్’ అని రాసి ఉంటే కడిగిందో, టాకా పడిందో, ఇంకేదో లోపం ఉన్నట్టే.

ఇక్కడికి తెస్తే కస్టమ్స్‌లో చూపించి రసీదు దాచుకోండి. వందేళ్లు దాటిన నాణెం మన చట్టంలో పురావస్తువు, తిరిగి బయటికి పంపి అమ్ముకోవడం మామూలు మనిషికి అయ్యే పని కాదు. అమ్మే ఆలోచన ఉంటే అక్కడే పిల్లల లాకర్‌లో ఉంచడం నయం.