గుర్రపు స్వారీ, 6వ పాఠం: గుర్రం బెదిరి పక్కకు దూకితే

పోయిన పాఠంలో పగ్గాలు వేలాడనివ్వొద్దని రాశాను. మీ మెసేజ్‌లు చూస్తే చాలామంది పగ్గాలు పట్టుకుని వేలాడమన్నట్టు అర్థం చేసుకున్నారు. ఒంగోలు దగ్గరి కొత్తపట్నం సముద్రపు ఒడ్డున ఇసుకలో ఒకాయన వెళ్తుంటే పడవ మీద కప్పిన పట్టా గాలికి టపటపలాడింది, గుర్రం పక్కకు దూకింది. ఈయన రెండు పగ్గాలూ గుంజాడు. అది తలెత్తి, వెనక్కి నడిచి, ముందుకాళ్ళు లేపింది. ఇసుక కాబట్టి సరిపోయింది. అందుకని క్యాంటర్ (మెల్లటి దౌడు) పాఠం వాయిదా వేస్తున్నాను.

హెల్మెట్, మడమ ఉన్న బూటు, పొట్టపట్టీ (జీనును గుర్రం పొట్ట కింద కట్టే పట్టీ) బిగువు గురించి మళ్ళీ చెప్పను.

గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. దాదాపు 350 డిగ్రీల మేర చూస్తుంది. నుదుటికి సరిగ్గా ఎదురుగా, తోక వెనక మాత్రం కనపడదు. పారిపోయి బతికిన జాతి కనుక ముందు దూకుతుంది, అదేమిటో తర్వాత చూస్తుంది. ఎండలోంచి చింతచెట్ల నీడలోకి వస్తే దాని కళ్ళు సర్దుకోవడానికి మన కళ్ళకన్నా ఎక్కువసేపు పడుతుంది. నీడ అంచున ఆగిందని మొండిదనుకోకండి. మన సముద్రం వైపు రొయ్యల చెరువుల గట్లు మరీ ఇబ్బంది. ఏరియేటర్ (నీళ్ళలో గాలి కలిపే యంత్రం) ఉన్నట్టుండి తిరగడం మొదలుపెడుతుంది, పక్షులు వాలకుండా కట్టిన రిబ్బన్లు తళుక్కుమంటాయి. పెళ్ళి ఊరేగింపులకు తిరిగిన గుర్రమేలే అని ధీమాగా ఉండకండి. బ్యాండుకూ టపాకాయలకూ చెవి కదపని గుర్రం కంపకు చిక్కుకున్న యూరియా సంచి కదిలితే ఎగిరిపడుతుంది. వెళ్ళేటప్పుడు చూసిన సంచేగదా అంటారేమో, తిరిగొచ్చేటప్పుడు అది అవతలి వైపు నుంచి కనిపిస్తుంది. గుర్రానికి అది మళ్ళీ కొత్తే.

దూకే ముందు చాలాసార్లు చెబుతుంది. మెడ లేస్తుంది, రెండు చెవులూ ఒకే చోటికి తిరుగుతాయి, అడుగులు పొట్టివవుతాయి, జీను కింద వీపు చెక్కలా బిగుస్తుంది. అప్పుడు మీరు చేయాల్సిన మొదటి పని ఊపిరి వదలడం. తర్వాత మడమలు కిందికి, చూపు చెవుల మీదుగా దూరానికి. బెదిరించిన వస్తువును మీరు కూడా చూస్తూ కూర్చుంటే ఒళ్ళు అటే వాలుతుంది. గుర్రం ఎడమకు దూకిందంటే జీను అటు వెళ్తుంది, మీరు కుడివైపు, అంటే ఆ సంచి మీదికే పడతారు. మోకాళ్ళు బిగిస్తే ఆగుతామనుకోవడం భ్రమ. బిగించిన కొద్దీ తొడలు పైకి జారి జీను మీద నుంచి మనల్నే లేపుతాయి. బరువు మడమల్లోకి దిగాలి.

ఇక పగ్గాలు. ఇది విసుగు పుట్టేదాకా చెప్తాను. పగ్గం మీరు పట్టుకుని నిలబడే కడ్డీ కాదు. దాని అవతలి కొస గుర్రం నోట్లో ఇనుముకు కట్టి ఉంది. బెదిరిన గుర్రానికి నోట్లో నొప్పి కూడా తోడైతే, భయపడ్డ వస్తువే కరిచిందనుకుంటుంది. తలెత్తుతుంది, తలెత్తితే వీపు గుంటపడుతుంది, వీపు గుంటపడితే మీరు కూర్చున్న చోటు పోతుంది. ముందుకు దారి మూసేస్తే మిగిలేది పైకి లేవడమే. పైగా రెండు చేతులతో లాగితే మీ భుజాలు ముందుకొస్తాయి, ముందుకొచ్చినవాడు మెడ మీదుగా దిగుతాడు. మీ ఊళ్ళో ఎవరో పెద్దాయన 'కళ్ళెం గుంజి పట్టు' అన్నాడని నాకు రాయకండి. ఆయన చెప్పేది జట్కా బండి సంగతి, కింద చక్రాలుంటాయి.

చేతికి ఏదో ఒకటి కావాలనిపిస్తే జూలు పట్టుకోండి. జూలు లాగితే దానికి పెద్దగా నొప్పుండదు. నేనైతే పాత రికాబు (పాదం పెట్టుకునే కొండీ) తోలుపట్టీ ఒకటి గుర్రం మెడ మొదట్లో వదులుగా కడతాను, అది లేకుండా కొత్త గుర్రం ఎక్కను. ఒక చేత్తో పట్టీ పట్టుకుని మిమ్మల్ని జీనులోకి కిందికి లాక్కోండి. రెండో చేత్తో ఒక్క పగ్గం మెల్లగా తీసుకుని చిన్న చుట్టు తిప్పండి. నడకలో, ట్రాట్‌లో (చిన్న పరుగులో) మాత్రమే. దౌడులో మెడ ఒక్కసారిగా తిప్పితే గుర్రమే పడిపోతుంది. అది వచ్చే పాఠం.

ఆగాక కొట్టకండి. ఆ సంచిని కాసేపు చూడనివ్వండి, ముక్కు కిందికి దించి బుస్సుమని వదిలితే అయిపోయినట్టే.

సాధన: గుర్రాన్ని తెలిసినవాళ్ళు తాడు పట్టుకుని నడిపించాలి, మూసిన ఆవరణలో. రికాబుల్లోంచి పాదాలు తీసేయండి. పక్కనున్నవాళ్ళు చెప్పాపెట్టకుండా 'పట్టు' అన్నప్పుడల్లా కిందికి చూడకుండా పట్టీ అందుకోవాలి. 20 సార్లు కుడిచేత్తో, 20 సార్లు ఎడమచేత్తో, రోజూ, వారం పాటు. రెండో చేతిలోని పగ్గం కాస్తయినా బిగుసుకుంటే ఆ సారి లెక్కలోకి రాదు. ఇది కుదిరేదాకా చెరువు గట్టెక్కొద్దు.