అరకు, పాడేరు వైపు కెమెరా పట్టుకెళ్లేముందు
వైజాగ్ నుంచి కొండెక్కి, ఆదివాసీ ఊళ్లోవాళ్లతో కలిసి వాళ్ల భాషలోనే సినిమా తీద్దామనుకునేవాళ్లు ఇవి చూస్కోండి.

- పర్మిషన్ ముందు. ఊరి పెద్దల్ని కలిసి ఏం తీస్తారో, ఎక్కడ చూపిస్తారో చెప్పండి, ఒప్పుకున్నది వాళ్ల భాషలోనే రికార్డ్ చేయండి, యూట్యూబ్‌లో పెట్టాలంటే అది మళ్లీ విడిగా అడగాలి, ఊళ్లో చూస్కోడానికి సరే అంటే లోకమంతా చూడ్డానికి సరే అన్నట్టు కాదు కదా.
- ఏ ఊళ్లో ఏ భాషో కనుక్కోండి. కువి ద్రావిడ భాష, గదబ తెగవాళ్ల గుతోబ్ ముండా అనే వేరే భాషా కుటుంబంది, తెలుగొస్తే చాల్లే అనుకోకండి. సబ్‌టైటిల్స్ రాయడానికి ఆ ఊరి మనిషి ఉండాల్సిందే.
- కెమెరా అక్కడి కుర్రాళ్లకే, అమ్మాయిలకే ఇవ్వండి. మీరు నేర్పించి పక్కకి తప్పుకోండి.
- మైక్! బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా పర్లేదు, అవ్వ పాట వినబడకపోతే ఏం లాభం. కాలర్ మైక్, గాలికి బొచ్చు కవర్, హెడ్‌ఫోన్స్.
- చైత్రంలో ఇటుకల పండగకి థింసా నాట్యం మామూలుగానే ఆడతారు, టేకుల కోసం మళ్లీ మళ్లీ ఆడించొద్దు. పూజ దగ్గర ఆపమంటే ఆపేయడమే.
- చలికి బ్యాటరీలు తొందరగా దిగిపోతాయి, ఎక్స్‌ట్రా పెట్టుకోండి.
- ఫుటేజ్ రెండు హార్డ్ డిస్కుల్లో. ఒకటి ఊళ్లోనే ఉండాలి.