ర్యాన్సమ్‌వేర్ విశ్లేషణ – 4వ పాఠం: తాళం వేసే ముందు తాళంచెవుల వేట

గత పాఠంలో ఫైళ్లకు తాళం పడే తీరు చూశాం. ఈసారి అంతకు ముందు నడిచే తతంగం. నమూనా నాట్‌పెట్యా. 2017 జూన్ 27న ఉక్రెయిన్‌లో, ఎం.ఈ.డాక్ అనే పన్నుల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దాక్కుని వచ్చింది. తెర మీద 300 డాలర్ల బిట్‌కాయిన్ అడిగే నోటీసు దగ్గరే విశ్లేషణ మొదలుపెట్టేవాళ్లున్నారు. అది ఆఖరి అంకం.

యంత్రంలోకి రాగానే డీబగ్ అధికారం (వేరే ప్రోగ్రామ్‌ల మెమరీలోకి తొంగిచూసే అనుమతి) దొరుకుతుందా అని చూసుకుంటుంది. దొరికితే టెంప్ ఫోల్డర్‌లో ఓ చిన్న ప్రోగ్రామ్ పడేస్తుంది. 32 బిట్‌కొకటి, 64 బిట్‌కొకటి వెంటే తెచ్చుకుంది. రెండూ మెమరీలోంచి పాస్‌వర్డ్‌లు లాగే మిమికాట్జ్ అనే సాధనానికి దగ్గరి చుట్టాలే. లాగిన్ వ్యవహారాలు చూసే ఎల్‌శాస్ ప్రాసెస్ మెమరీని తడిమి, మిగిలిపోయిన యూజర్ పేర్లూ పాస్‌వర్డ్‌లూ ఏరి నేమ్‌డ్ పైప్ (ప్రోగ్రామ్‌లు ఒకదానికొకటి సమాచారం అందించుకునే గొట్టం) గుండా అసలు ప్రోగ్రామ్‌కు అందిస్తుంది.

ఇక్కడ ఆగండి. దొంగతనం అనగానే బయటి సర్వర్‌కు వెళ్లే ట్రాఫిక్ కోసం వెతుకుతాం. ఇందులో అదేమీ ఉండదు. దొరికిన పాస్‌వర్డ్ అక్కడికక్కడే ఖర్చవుతుంది: పక్క యంత్రం అడ్మిన్ షేర్‌లోకి (అడ్మిన్లకు మాత్రమే తెరుచుకునే నెట్‌వర్క్ ఫోల్డర్) తన కాపీ పంపి, పీఎస్‌ఎగ్జెక్‌తోనో (దూరపు యంత్రంలో ప్రోగ్రామ్ నడిపే మైక్రోసాఫ్ట్ సాధనం; దానికి dllhost.dat అని మారుపేరు పెట్టుకుంది) డబ్ల్యూఎంఐతోనో (విండోస్‌లోనే ఉండే నిర్వహణ సౌకర్యం) నడిపిస్తుంది. ఇది వ్యాపించే మరో దారి ఎటర్నల్‌బ్లూ, అంటే విండోస్ ఫైల్ షేరింగ్ లోపాన్ని వాడుకునే దాడి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. ప్యాచ్ వేసిన యంత్రాలు కూడా పడిపోయింది ఈ పాస్‌వర్డ్ దారి వల్లే. డొమైన్ అడ్మిన్ (సంస్థ యంత్రాలన్నిటి మీదా అధికారం ఉన్న ఖాతా) లాగినై ఉన్న యంత్రం ఒక్కటి దొరికితే చాలు, మిగతావాటి తలుపులు మామూలు లాగిన్‌తోనే తెరుచుకుంటాయి.

తర్వాతిది త్వరగా: లాగ్‌లు చెరిపేస్తుంది, షెడ్యూల్ చేసిన రీబూట్ జరుగుతుంది, దొంగ చెక్‌డిస్క్ (డిస్క్ తనిఖీ) తెర వస్తుంది. నోటీసులో చూపే కీ ఉత్త యాదృచ్ఛిక అక్షరాలు, డబ్బు కట్టినా తాళం రాదు. నా లెక్కలో ఇది ర్యాన్సమ్‌వేర్ వేషం కట్టిన విధ్వంసం.

అభ్యాసం. అసలు నమూనాను నడపకండి, కాగితం మీదే చేయండి. ఎల్‌శాస్‌ను ఎవరు తాకారో సిస్‌మాన్ (విండోస్‌లో జరిగేవి నమోదుచేసే మైక్రోసాఫ్ట్ సాధనం) 10వ ఈవెంట్ చెబుతుంది. యాంటీవైరస్‌లూ దాన్ని తాకుతుంటాయి కాబట్టి టెంప్ ఫోల్డర్ నుంచి వచ్చినదాన్ని మాత్రం పట్టుకోండి. ఆపైన పక్క యంత్రం విండోస్ లాగ్‌లో 4624వ ఈవెంట్ (రకం 3), అంటే నెట్‌వర్క్ లాగిన్. తర్వాత 7045, కొత్త సర్వీస్. చివర్లో 1102, సెక్యూరిటీ లాగ్ చెరిపిన గుర్తు. ఇవన్నీ కేంద్ర లాగ్ సర్వర్‌కు చేరుతున్నాయనుకోండి.

ఇప్పుడు ప్రశ్న: మూడో యంత్రంలో 4624 ఉంది, 1102 ఉంది, 7045 లేదు. అయినా అది సోకింది. ఏ దారిన వచ్చింది? జవాబు 5వ పాఠం మొదట్లో.