చీలమండ లోపలి లిగమెంట్లని మీ వేళ్లతోనే గుర్తుపట్టడం ఎలా

చీలమండ లోపలివైపు ఎముకల్ని ఒకదానితో ఒకటి కట్టి ఉంచే పట్టీల (లిగమెంట్ల) గుంపు పేరు డెల్టాయిడ్ లిగమెంట్. దాన్ని బొమ్మ చూసి నేర్చుకుందామని కూర్చుంటే అరగంటలో బుర్ర వేడెక్కిపోతుంది. టిబియోనావిక్యులర్, టిబియోకాల్కేనియల్, టిబియోటాలర్... అన్నీ ఒకేలా వినిపిస్తాయి. బట్టీ పట్టక్కర్లేదు, పేరులోనే అడ్రస్ ఉంది. మొదటి సగం ఎక్కడ బయలుదేరిందో చెబుతుంది, రెండో సగం ఎక్కడికి వెళ్లి అతుక్కుందో చెబుతుంది. అన్నీ టిబియా, అంటే ముంగాలి పెద్ద ఎముక, కింది కొస నుంచే బయలుదేరతాయి కాబట్టి మనం వెతకాల్సింది రెండో కొస ఒక్కటే.

స్కెచ్ పెన్ ఒకటి దగ్గర పెట్టుకుని కుర్చీలో కూర్చోండి. ఎడమ చీలమండని కుడి మోకాలి మీద వేసుకుంటే లోపలివైపు పైకి తిరుగుతుంది, పాదాన్ని వదులుగా వేలాడనివ్వండి.

ముందుగా పొడుచుకొచ్చిన పెద్ద బొడిపె. అదే మీడియల్ మాలియోలస్. దాని మీద కాదు, దాని కింది అంచు వెంబడి గోరుతో మెల్లగా గీస్తూ వెళ్లండి. అంచు గుండ్రంగా ఉంటుందని అనుకుంటాం కానీ నిజానికి అక్కడ రెండు కొసలున్నాయి: ముందుది ఎక్కువ కిందికి దిగి ఉంటుంది, వెనకది కాస్త పైనే ఆగిపోతుంది, రెంటికీ మధ్య చిన్న నొక్కు. ముందు కొస తేలిగ్గా దొరుకుతుంది. వెనకది అంత తేలిక కాదు, దాన్ని ఆనుకుని ఒక టెండన్, అంటే కండరాన్ని ఎముకకి అతికించే తాడు, వెళ్తుంది. ముందు కొస మీద ఒక చుక్క పెట్టండి.

ఇక ఆ టెండన్ సంగతి. బొడిపె వెనక నుంచి తిరిగి ముందుకి వచ్చే తాడులాంటిది చేతికి తగులుతుంది చూశారా, మొదట్లో నేను చాలా రోజులు అదే డెల్టాయిడ్ అనుకుని మురిసిపోయాను. కాదు. అది టిబియాలిస్ పోస్టీరియర్ అనే కండరం తాలూకు టెండన్. అనుమానముంటే పాదం లోపలి అంచుని అరచేత్తో ఆపి, దానికి ఎదురుగా పాదాన్ని లోపలికి తోయండి, తాడు టక్కున బిగుసుకుంటుంది. కండరం లాగితే బిగుసుకునేది టెండన్. లిగమెంట్‌కి కండరం లేదు, ఎముక కదిలి దాన్ని సాగదీస్తేనే బిగుస్తుంది. లోపలివైపు ఉన్న తికమకలో సగం ఈ ఒక్క పరీక్షతో తీరిపోతుంది.

అదే తాడుని పట్టుకుని ముందుకి వెళ్తే పాదం మధ్యలో ఇంకో బొడిపె దగ్గర ఆగుతారు. అది నావిక్యులర్ ఎముక, అక్కడ రెండో చుక్క. మూడోది కొంచెం కష్టం: మాలియోలస్ ముందు కొస నుంచి తిన్నగా కిందికి దాదాపు 2 సెంటీమీటర్లు, అంటే బొటనవేలి వెడల్పంత దిగి గట్టిగా నొక్కండి. చిన్న అరుగులాంటిది తగలాలి. మడమ ఎముక లోపలికి చాచిన అంచు అది, పేరు సస్టెంటాక్యులమ్ టాలై. తగలకపోతే పాదాన్ని కాస్త లోపలికి తిప్పి మళ్లీ వెతకండి, పైనున్న కణజాలం వదులవుతుంది.

ఇప్పుడు గీతలు కలపండి. మొదటి చుక్క నుంచి నావిక్యులర్‌కి గీస్తే టిబియోనావిక్యులర్, ఇది పల్చటి కట్ట. అరుగుకి గీస్తే టిబియోకాల్కేనియల్. రెంటి మధ్యలోంచి వెళ్లే కట్ట ఎముకకి కాకుండా, అరుగు నుంచి నావిక్యులర్‌కి ఊయలలా ఉండే స్ప్రింగ్ లిగమెంట్‌కి అతుక్కుంటుంది, అందుకే టిబియోస్ప్రింగ్. అరికాలి వంపు కుంగిపోకుండా కాసేవాటిలో ఆ ఊయల ముఖ్యమైనది. నాలుగోది వెనక్కి, టాలస్ (టిబియాకి సరిగ్గా కింద, మడమ ఎముకకి పైన ఉండే ఎముక) వైపు వెళ్తుంది, అదే టిబియోటాలర్. పైన ఇరుకుగా, కింద వెడల్పుగా త్రిభుజం వచ్చిందా? గ్రీకు అక్షరం డెల్టా ఆకారం, పేరు అక్కడిదే. కట్టలు ఎన్ని అన్న దగ్గర పుస్తకానికో లెక్క ఉంటుంది, పైగా కొన్ని కట్టలు అందరిలోనూ ఉండవు, దాని గురించి టెన్షన్ పడకండి.

ఇదంతా పై పొర. దీని కింద ఇంకో పొర ఉంది, అది వేలికి అందదు. మధ్య నొక్కు, వెనక కొసల దగ్గర బయలుదేరి నేరుగా టాలస్‌కి వెళ్లే పొట్టి, దళసరి కట్ట అందులో ప్రధానమైనది, మొత్తం డెల్టాయిడ్‌లో బలమైనది కూడా అదే. టాలస్‌కి ఒక్క కండరం కూడా అతుక్కుని ఉండదు. పక్క ఎముకల ఆకారం, లిగమెంట్లు కలిసి పట్టుకుంటేనే అది తన చోట ఉంటుంది, అది బయటివైపు జారకుండా, మెలితిరగకుండా ఆపడంలో ఈ లోపలి పొరదే పెద్ద చెయ్యి.

పనితనం తెలియాలంటే పాదాన్ని చేత్తో కదిలించి చూడండి. వేళ్లు కిందికి చాచితే ముందు కట్టలు బిగుస్తాయి, పైకి లాగితే వెనకవి. పాదాన్ని బయటికి వంచితే పై పొర అడ్డుపడుతుంది. ఇంకో చిన్న సంగతి: బయటివైపు బొడిపె లోపలిదానికన్నా కిందికి దిగి ఉంటుంది, తాకి పోల్చుకోండి. అందుకే పాదం లోపలికి మడత పడినంత తేలిగ్గా బయటికి పడదు, బెణుకుల్లో ఎక్కువ భాగం బయటి లిగమెంట్లవే.

అంటే లోపలివైపు బాగా దెబ్బ తగిలిందంటే తేలిగ్గా తీసుకోకూడదు. లిగమెంట్ ఎంత గట్టిదంటే ఒక్కోసారి అది తెగే బదులు మాలియోలస్ ముక్కే ఊడొస్తుంది. ఆ బొడిపె కొస మీదో, కొస నుంచి పైకి 6 సెంటీమీటర్ల దాకా వెనక అంచు మీదో, నావిక్యులర్ మీదో నొక్కితే నొప్పి ఉన్నా, నాలుగు అడుగులు వేయలేకపోతున్నా ఎక్స్‌రే తీయించాలి. ఒక చెయ్యి మోకాలి కింద బయటివైపు కూడా వేసి నొక్కి చూడండి. పాదం మెలితిరిగిన దెబ్బ ఒక్కోసారి పక్కనున్న సన్న ఎముక వెంబడి పైకి పాకి అక్కడ విరుగుతుంది, చీలమండ ఒక్కటే ఎక్స్‌రే తీస్తే అందులో కనపడదు. అక్కడ నొప్పి ఉంటే డాక్టర్‌కి మీరే చెప్పి మోకాలి దాకా తీయమనండి.