సీటీ స్కాన్‌లోని ఎముకను ఓపెన్‌సిమ్ మోడల్‌లో పెట్టడం ఎలా?

ఓపెన్‌సిమ్ స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో తయారైన ఉచిత సాఫ్ట్‌వేర్. మనిషి నడుస్తుంటే ఏ కండరం ఎంత లాగుతోందో, ఏ కీలు మీద ఎంత భారం పడుతోందో దాంతో లెక్కగట్టవచ్చు. అందులో ముందే ఉండే ఎముకలు మాత్రం మన పేషెంటువి కావు. తొడ ఎముక మెలి తిరిగిన పిల్లాడి నడకను చూడాలంటే వాడి ఎముకే కావాలి. స్కేల్ టూల్ ఎముకను పొడవు వెడల్పుల్లో సాగదీస్తుంది గానీ ఆ మెలిక తేలేదు.

పని మొదలుపెట్టే ముందు ఒకటి గుర్తుంచుకోండి. మీరు తెచ్చే మెష్, అంటే చిన్న చిన్న త్రిభుజాలతో అల్లిన ఎముక ఆకారం, ఓపెన్‌సిమ్‌కి బొమ్మ మాత్రమే. దానికి బరువుందని గానీ, దాని గుండా కండరం దూరకూడదని గానీ ఓపెన్‌సిమ్‌కి తెలియదు.

ముందుగా స్కాన్లను తెరిచే త్రీడీ స్లైసర్ సాఫ్ట్‌వేర్‌లో ఎముకను విడదీసి ఎస్‌టీఎల్ లేదా ఓబీజే అనే మెష్ ఫైల్‌గా సేవ్ చేయండి. వీటీపీ కూడా పనికొస్తుంది, కాకపోతే ఆస్కీ రకంలో, అంటే మామూలు అక్షరాల ఫైల్‌గా, సేవ్ చేయాలి. స్కాన్ మెష్‌లో లక్షల త్రిభుజాలుంటాయి. మెష్‌లను సరిచేసే మెష్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో వాటిని 10, 15 వేలకు తగ్గించి, రంధ్రాలు పూడ్చండి.

తర్వాత కొలతలు. ఎస్‌టీఎల్ ఫైల్‌లో యూనిట్ అనేదే ఉండదు. స్కాన్ మిల్లీమీటర్లలో ఉంటుంది, ఓపెన్‌సిమ్ మీటర్లలో చదువుతుంది. 450 మిల్లీమీటర్ల ఎముక 450 మీటర్లయి కూర్చుంటుంది. మోడల్ ఫైల్‌లో స్కేల్ ఫ్యాక్టర్స్‌ని 0.001 చేసినా సరిపోతుంది గానీ, నేనైతే మెష్‌నే 0.001తో గుణించి సేవ్ చేస్తాను. రేపు ఆ ఫైల్ ఇంకెవరు తెరిచినా తికమక ఉండదు.

అసలు కష్టం దిశల దగ్గర వస్తుంది. ఓపెన్‌సిమ్‌లో ఎక్స్ ముందుకు, వై పైకి, జెడ్ కుడికి. స్లైసర్ కొత్త వెర్షన్లు మామూలుగా ఇచ్చే మెష్‌లో ఎక్స్ ఎడమకు, వై వెనక్కి, జెడ్ పైకి. అందుకని పాత వైకి మైనస్ పెడితే కొత్త ఎక్స్, పాత జెడ్ కొత్త వై, పాత ఎక్స్‌కి మైనస్ పెడితే కొత్త జెడ్. ఒక్క గుర్తు తప్పినా కుడి కాలు ఎడమ కాలవుతుంది, చూడ్డానికి మాత్రం బాగానే ఉంటుంది. మూలబిందువు కూడా మార్చాలి. నడక మోడళ్లలో తొడ ఎముకకు అది తుంటి కీలు మధ్యలో ఉంటుంది. ఎముక తలకు ఒక గోళాన్ని సరిపెట్టి, దాని కేంద్రం సున్నా దగ్గరకు వచ్చేలా మెష్‌ని జరపండి. స్కాన్‌లో కాలు వంగి ఉంటే మోడల్ ఎముక వాలుకు తగ్గట్టు తిప్పాలి కూడా.

ఇక ఫైల్‌ని మోడల్ పక్కనున్న జామెట్రీ ఫోల్డర్‌లో పెట్టి, మోడల్ ఫైల్‌లో పాత పేరు తీసి కొత్త పేరు రాయండి.

ఎముక కనిపించగానే పని అయిపోయిందనుకోకండి. కండరాలు ఇంకా పాత ఎముక స్థానాల్లోనే అంటుకుని ఉంటాయి. ఒక్కొక్క బిందువునూ కొత్త ఎముక మీదికి జరపాలి, ఓపిక కావాల్సింది ఇక్కడే. కండరం మెష్ మీదుగా చుట్టుకోదు. గోళం, సిలిండర్, ఎలిప్సాయిడ్ (గుడ్డులాంటిది), టోరస్ (గారెలాంటిది) ఈ నాలుగు ఆకారాల చుట్టూనే చుట్టుకుంటుంది, వాటిని కొత్త ఎముకకు అమర్చండి. బరువు, జడత్వం విలువలు కూడా మెష్‌ని బట్టి మారవు.

చివరగా తుంటిని నెమ్మదిగా వంచుతూ ప్రతి కండరానికీ మొమెంట్ ఆర్మ్ (కండరం లాగే గీత కీలుకు ఎంత దూరంలో ఉందో) గ్రాఫ్ గీయండి. గీత ఎక్కడైనా ఉన్నట్టుండి ఎగిరితే, ఆ కండరం అక్కడ చుట్టుకోవాల్సిన ఆకారం మీంచి జారిందేమో చూసి సరిచేయండి.