ఒకే పనికి తక్కువ జీతం ఇస్తుంటే మహిళలు ఏం చేయాలి

హనుమకొండ బట్టల దుకాణాల్లోనైనా, వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల పత్తి జిన్నింగు మిల్లుల్లోనైనా, అదే పని చేసే మగవాడికన్నా తనకు జీతం ఎందుకు తక్కువని ఒక మహిళ అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒక్కటే: "అతని పని వేరమ్మా." ఫిర్యాదు రాయడానికి ముందే ఈ జవాబుకు సిద్ధపడాలి.

1976 నాటి సమాన వేతన చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్, 2019, పోస్టు పేరును పట్టించుకోదు. ఒకే తరహా పరిస్థితుల్లో చేసే పనికి కావలసిన నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత సమానమా కాదా అన్నదే చూస్తుంది. కనుక మొదట చేయవలసింది పనిని రాసిపెట్టుకోవడం. రిజిస్టరులో మీరు హెల్పరు, పక్క కౌంటరులోని వ్యక్తి సేల్స్‌మన్ అనుకుందాం. అరల్లోంచి చీరలు దింపడం, విప్పి చూపడం, బేరం కుదర్చడం, బిల్లు చిట్టీ రాయడం, కొనేవాళ్లు వెళ్లాక అన్నీ మళ్లీ మడతపెట్టడం ఇద్దరూ చేస్తున్నారా? ఒక నోటుపుస్తకంలో ఏ రోజుకు ఆ రోజు తేదీ వేసి రాయండి. అతను గోదాములో మూటలు కూడా ఎత్తుతుంటే, ఎన్నాళ్లకోసారి ఎత్తుతాడో అదీ రాయండి. దాచిపెడితే విచారణలో బయటపడి మీ మాటకే విలువ తగ్గుతుంది.

తర్వాత జీతం ఆధారాలు. వేతన చీటీ ఇవ్వడం యజమాని బాధ్యత. అది లేకపోతే బ్యాంకు పాస్‌బుక్కు, పీఎఫ్ ఖాతా వివరాలు పనికొస్తాయి. తోటి ఉద్యోగి జీతం అడగడం మర్యాద కాదని మనవాళ్లు అనుకుంటారు గానీ, ఆ మర్యాద వల్ల లాభపడేది యజమానే.

ముందుగా యజమానికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకోవాలి. "నష్టాల్లో ఉన్నాం" అంటే తగ్గనక్కర్లేదు: మహిళా స్టెనోగ్రాఫర్లకు పురుషులకన్నా తక్కువ ఇచ్చిన మెకినన్ మెకంజీ కంపెనీ కేసులో 1987లోనే సుప్రీంకోర్టు ఆ సాకును తోసిపుచ్చింది. మగవాళ్ల జీతం తగ్గించి సమానం చేస్తానని బెదిరించినా చెల్లదు, కోడే దాన్ని నిషేధించింది.

అక్కడ తేలకపోతే కార్మిక శాఖ అధికారికి దరఖాస్తు చేసుకోవాలి. మీ తరఫున యూనియన్ కూడా దాఖలు చేయవచ్చు. గడువు మూడేళ్లు కాబట్టి, అర్జీకి జవాబు రాలేదని ఏళ్ల తరబడి ఎదురుచూడకూడదు.

మిర్చి ఏరడం, కలుపు తీయడం వంటి కైకిలిలో పోలిక కష్టం, ఎందుకంటే పురుగుమందు కొట్టే పని మగవాళ్లకు, ఏరే పని ఆడవాళ్లకు ముందే విడదీసి ఉంటుంది. అక్కడ ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనాన్ని ఆధారం చేసుకుని, ఏరుడు మొదలుకాకముందే గుంపుగా రేటు మాట్లాడుకోవడమే మేలు. ఇద్దరూ ఒకే చేనులో ఒకే పని చేస్తే మాత్రం రేటు ఒక్కటే ఉండాలి.

వకీలు ఫీజుకు భయపడి ఆగవద్దు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు.